మెడ గుండీ బాకీ

మా నాయన షేర్వానీలు కుట్టేవాడు. అమీర్‌పేటలో రోడ్డు వంపు తిరిగే చోట, ఒక పక్క జామతోట గోడ, ఇంకో పక్క గడ్డిమోపులు అమ్మే పాక, మధ్యలో మా దుకాణం. అప్పటి అమీర్‌పేట ఎట్లా ఉండేదో ఇప్పటివాళ్ళకు చెబితే నమ్మరు. నమ్మినా వాళ్ళకు ఒరిగేదేమీ లేదు. తోటలు, బండరాళ్ళు, వాటి మధ్య దూరదూరంగా బంగ్లాలు. బేగంపేట వైపు పోయే మిలిటరీ లారీలు లేపే దుమ్మును బట్టి, బజార్లో దారపు ఉండలు దొరకకపోవడాన్ని బట్టి, యుద్ధం ఎక్కడో జరుగుతూనే ఉందని మేము తెలుసుకునేవాళ్ళం.

నేను అప్పటికి లా చదువు పూర్తిచేసి ఖైరతాబాద్‌లో ఒక వకీలు దగ్గర జూనియర్‌గా చేరాను. జూనియర్ అంటే ఏమిటని మా అమ్మ అడిగితే, పెద్ద వకీలు వాదిస్తుంటే వెనక నిలబడేవాడని చెప్పాను. నిలబడటానికి ఇంత చదువు ఎందుకని ఆమె అడిగింది. 

మా కాలేజీలో పాఠాలన్నీ ఉర్దూలోనే. ఒప్పందాన్ని అక్కడ ముఆహదా అనేవారు. కోర్టు కచేరీలో కరారు అనేవారు. మా ఇంట్లో మాట అనేవాళ్ళం. మూడూ ఒకటేనని నేను కొంతకాలం నమ్మాను.

మా తాత పుట్టింది నేతపని ఊళ్ళో. ఆయన మగ్గం మీద చీర అయిపోయినా, అడిగినవాళ్ళు ఎదుటికి వచ్చి నిలబడితే తప్ప కోసేవాడు కాదట. వాళ్ళ కళ్ళ ముందు కోసి, మడిచి, చేతిలో పెట్టి "ముట్టిందా?" అని అడిగేవాడు. వాళ్ళు "ముట్టింది" అనాలి. ఆ మాట అనేదాకా చీర మగ్గం మీదే ఉన్నట్టు లెక్క. ఎలుక కొరికినా, వాన తడిపినా పూచీ తాతదే. ఆ మాట అన్నాక నిప్పంటుకున్నా తాతకు సంబంధం లేదు. చదువుకున్నవాళ్ళు ఇదే సంగతిని పుస్తకంలో పేజీల కొద్దీ రాశారు. పరీక్షకు నేను అవన్నీ బట్టీపట్టాను.

మా నాయన పట్నం వచ్చి మగ్గం వదిలి కత్తెర పట్టాడు గానీ ఆ పద్ధతి వదల్లేదు. షేర్వానీకి మగ్గం ఉండదు కాబట్టి దాన్ని మెడ గుండీకి మార్చాడు. బట్టంతా కుట్టి, కాజాలు తీసి, కింది గుండీలన్నీ వేసి, మెడ దగ్గరిది ఒక్కటి ఆపేవాడు. గిరాకీ వచ్చి తొడుక్కున్నాక, ఆయన మెడ మీదే ఆ గుండీ చోటు చూసి కుట్టేవాడు. మెడ లేకుండా మెడ గుండీ ఎట్లా కుడతారనేది ఆయన వాదం. నాకు తెలిసిన మిగతా దర్జీలందరూ కుట్టేవాళ్ళు, మెడలకు ఏమీ అయ్యేది కాదు. కానీ మా దుకాణంలో మాత్రం గుండీ కుట్టడం, దారం కొరకడం, "ముట్టిందా సాబ్?" అని అడగడం, ఆయన "ముట్టింది" అనడం, అప్పటికి పని అయినట్టు. కొందరు నవ్వుకుంటూ అనేవారు, కొందరు విసుక్కుంటూ అనేవారు. అనకుండా పోయినవాళ్ళు లేరు, ఒక్కరు తప్ప.

ఆ ఒక్కరు పంజాగుట్టలో ఉండే పెన్షన్ తహసీల్దారు. పెద్ద కాంపౌండు, బోరబండ నుంచి తెచ్చిన రాళ్ళతో కట్టిన గోడ, లోపల మనుషులు తక్కువ. భార్య ఎప్పుడో పోయింది. ఒక వంటమనిషి, ఒక తోటమాలి. ఆయన ఒకనాడు ఉదయం హిమ్రూ బట్ట తెచ్చి మా దుకాణంలో పెట్టాడు. ఔరంగాబాద్ సరుకు, కెంపు రంగు మీద సన్న పూలు. యుద్ధం రోజుల్లో అటువంటి బట్ట చూడటమే గొప్ప. కొలతలు ఇచ్చి, మజూరీ మొత్తం ముందే చేతిలో పెట్టి పోయాడు. తహసీల్దారు ఉద్యోగం చేసిన మనిషి ముందుగా మజూరీ ఇచ్చాడంటే మేము అప్పుడే అనుమానపడాల్సింది. మా నాయన మాత్రం మర్యాదగల మనిషని మెచ్చుకున్నాడు.

షేర్వానీ చెప్పిన రోజుకే తయారైంది, మెడ గుండీ తప్ప. తహసీల్దారు రాలేదు.

ఆ తర్వాతే మా నాయన కళ్ళ సంగతి తేలింది. యుద్ధం వచ్చాక రాత్రిళ్ళు మిలిటరీ ఖాకీ కూడా కుట్టీ కుట్టీ చూపు మందగించిందని మేమంతా అనుకుంటున్నాం. దవాఖానాలో చూసిన డాక్టరు రెండు కళ్ళలోనూ పొరలు కమ్మాయన్నాడు. ఒకటి దాదాపు మూసుకుపోయింది, రెండోది దాని వెంటే పోతోంది, ఆపరేషన్ చేస్తే చూపు నిలబడవచ్చు, ఆలస్యం చేస్తే లోపల బిగుసుకుపోయి తన చేతిలో కూడా ఉండదు అన్నాడు. చేసిన తర్వాత సన్నపని చేసుకోవచ్చా అని మా నాయన అడిగాడు. డాక్టరు నిజాయితీగల మనిషి. మనుషుల్ని గుర్తుపట్టవచ్చు, సూది సంగతి చెప్పలేను అన్నాడు.

మా నాయన దాన్ని నిబ్బరంగానే తీసుకున్నాడు. చేతిలో ఉన్న పని ముగించి, దుకాణం మూసి, దవాఖానాలో చేరతానని మా అమ్మకు మాట ఇచ్చాడు. అన్నట్టే ఒక్కొక్కటే ముగించాడు. కొత్త పని తీసుకోలేదు. దుకాణం ఖాళీ అయితే చాయ్ హోటల్ పెట్టుకుంటానని యూసుఫ్‌గూడ మనిషి ఒకడు వచ్చి గోడలు చూసుకుని పోయాడు. చివరికి కొయ్యకు ఒక్క షేర్వానీ మిగిలింది.

"గది ఒక్కటి పోనీ," అన్నాడు మా నాయన. "పోయిన తెల్లారే దవాఖాన."

అది పోలేదు. ఆయన కళ్ళు మాత్రం రోజూ కొంచెం కొంచెం పోతున్నాయి.

మొదట కబురు పంపాం. తర్వాత ఆయనే షేర్వానీని తెల్లటి ధోవతి ముక్కలో మూటగట్టి పంజాగుట్టకు నడిచి పోవడం మొదలుపెట్టాడు. దూరం ఎక్కువ కాదు. ఎండాకాలంలో చూపు ఆనని మనిషికి మాత్రం ఎక్కువే. తహసీల్దారు ఎప్పుడూ కాదనలేదు. కూర్చోబెట్టేవాడు, చాయ్ ఇప్పించేవాడు, బట్టను చేత్తో తడిమి పనితనం మెచ్చుకునేవాడు. తొడుక్కోమంటే మాత్రం ఒకరోజు ఒంట్లో బాగాలేదు, ఒకరోజు అమావాస్య దగ్గర పడింది, ఒకరోజు స్నానం కాలేదు, ఇంకోరోజు స్నానం ఇప్పుడే అయింది. మా నాయన మూట తిరిగి కట్టుకుని వచ్చేవాడు. వచ్చి షేర్వానీని కొయ్యకు వేసి, దాని ముందు కాసేపు కూర్చునేవాడు. ఏదో ఆలోచిస్తున్నాడని మా అమ్మ అనేది. నా అంచనా ప్రకారం అలసిపోయి కూర్చునేవాడు.

రాత్రి భోజనాల దగ్గర నేను ఆయనకు చట్టం చెప్పేవాణ్ణి. ఇంట్లో ఉచితంగా దొరికేది అదొక్కటే. పని చేసినవాడు తగిన చోటికి, తగిన వేళకు తీసుకుపోయి ఇవ్వజూపితే చాలు, అవతలివాడు పుచ్చుకోకపోతే ఆ తప్పు పనివాడి నెత్తిన పడదు అని చెప్పాను. నువ్వు ఒకసారి కాదు, చెప్పులు అరిగేలా ఇవ్వజూపావు, నీకు ఇక ఏ బాధ్యతా లేదు అన్నాను.

"ఆయన ముట్టింది అన్నడా?"

"అనాల్సిన పని లేదు నాయినా."

"మరి ఎట్ల ముడుతది?"

మరొక రోజు ఇంకో దారి చూపించాను. అవతలివాడు తనంతట తాను వద్దులే అని వదిలేస్తే అక్కడికక్కడే ఒప్పందం ముగిసిపోతుంది, ఒక్క మాట చాలు అన్నాను. సాబ్ వద్దనలేదు, రేపన్నాడు అని గుర్తుచేశాడు మా నాయన. అదీ నిజమే. వద్దు అనే మాటకు చట్టంలో విలువ ఉంది. రేపు అనే మాటను ఏం చెయ్యాలో చదివినట్టు గుర్తులేదు.

ఇంకోనాడు, ఓదార్పుగా ఉంటుందని, మరొక సూత్రం చెప్పాను. పనివాడి చేతి నేర్పు మీద ఆధారపడిన పని అయితే, వాడికి కళ్ళో చేతులో పోయిన పక్షంలో చట్టం వాణ్ణి పూర్తిగా వదిలేస్తుంది, ఎవరూ పల్లెత్తు మాట అనడానికి లేదు అన్నాను. మా అమ్మ నా ముందున్న కంచం తీసుకుని లోపలికి పోయింది. అన్నం ఇంకా సగం ఉంది.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఆమె తన పద్ధతిలో చట్టాన్ని చేతిలోకి తీసుకుంది. మా నాయన నిద్రపోతుండగా షేర్వానీ కొయ్య మీంచి దింపి, సుద్దముక్కతో గుర్తుపెట్టిన చోట మెడ గుండీ కుట్టేసింది. మూటగట్టి నా చేతికిచ్చింది.

"ఇచ్చి రాపో. ఏమన్న అడిగితే మీ నాయినే కుట్టిండని చెప్పు."

"అడగకపోతే?"

"చెప్పకు."

నా దృష్టిలో ఇది చెల్లుబాటయ్యే పనే. ఇప్పటికీ అదే నా అభిప్రాయం. మజూరీ తీసుకున్నవాడి తరఫున ఆ పని ఇంకొకరు చెయ్యవచ్చు, ముఖ్యంగా ఆ పని ఒక గుండీ కుట్టడమైతే. నేను సైకిల్ మీద పంజాగుట్ట పోయి తహసీల్దారు చేతికి ఇచ్చాను. ఆయన మడత విప్పి, మెడ దగ్గర బొటనవేలితో తడిమి చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఇది మాస్టర్ చెయ్యి కాదు."

మా అమ్మ చెప్పమన్నది చెప్పడానికి నోరు రాలేదు, అబద్ధం అని కాదు, ఆయన చూపు అట్లా ఉంది.

"నా కరారు మీ నాయినతోని. ఆయన చెయ్యి చూసి ఇచ్చిన బట్ట ఇది. మనిషి నేర్పు చూసి కుదిరిన పని వేరేటోడు చేస్తే చెల్లదు. నువ్వు చట్టం చదివినవంట గద?"

చదివాను. ఆయన చెప్పిన సూత్రం సరిగ్గానే ఉంది కూడా. అదే భరించడం కష్టమైంది. సర్కారు ఉద్యోగంలో ఇటువంటి తగాదాలు ఎన్నింటికో తీర్పు చెప్పి ఉంటాడు. షేర్వానీని ఆయనే స్వయంగా మడిచి, మూటగట్టి, నా సైకిల్ వెనక పెట్టించాడు. పుచ్చుకోవడానికి ఇష్టం లేని మనిషి తిరిగి పంపేటప్పుడు చూపించిన ఆ శ్రద్ధ నాకు వింతగా తోచింది. కారణం అప్పటికి తెలియదు.

ఇంటికి వచ్చేసరికి మా నాయన లేచి కూర్చున్నాడు. మూట విప్పి, మెడ దగ్గర తడిమాడు. కోప్పడలేదు. కత్తెర తీసుకుని, వేళ్ళతో దారం ఎక్కడుందో చూసుకుని, గుండీ తెంపేశాడు.

"నీ ముడి పెద్దగుంటది," అన్నాడు మా అమ్మతో. "ఎవరికన్న తెలుస్తది."

సాయంత్రం మా అమ్మ నన్ను బయటికి పిలిచి, డాక్టరు చెప్పిన గడువు ఎంత మిగిలిందని అడిగింది. గడువు ఏమీ చెప్పలేదు, ఆలస్యం వద్దన్నాడంతే అని చెప్పాను. ఇప్పటికే అయింది ఆలస్యం కాదా అని అడిగింది. నేను వకీలు వెనక నిలబడే మనిషిని కాబట్టి అక్కడ కూడా నిలబడి ఊరుకున్నాను. మా నాయన అప్పుడు లోపల దీపం ఒత్తి పెంచుతున్నాడు. అది అప్పటికే పూర్తిగా పెరిగి ఉంది.

నేను ఒక నోటీసు తయారుచేశాను. ఫలానా రోజులోగా వచ్చి తొడుక్కోకపోతే మా బాధ్యత తీరినట్టేనని, సలక్షణమైన ఉర్దూలో. అదే నేను మొదటిసారి ఎవరి సాయమూ లేకుండా రాసిన కాగితం. మా నాయనకు చదివి వినిపించాను. భాష బాగుందన్నాడు. దాన్ని మడిచి, జారిపోతున్న దుకాణం తలుపు రెక్క కింద పెట్టాడు. తలుపు నిలబడింది.

ఇట్లా ఉండగా ఒకనాడు ఖైరతాబాద్‌లో, మా వకీలు ఆఫీసుకు, ఏదో కౌలు కాగితం పని మీద ఒక పెద్దమనిషి వచ్చాడు. నిండు మనిషి, తెల్లని మీసాలు, తీరికగా నవ్వే రకం. మాటల మధ్య వకీలు నన్ను చూపించి అమీర్‌పేట దర్జీ కొడుకని చెప్పాడు. ఆ పెద్దమనిషి కుర్చీలో నా వైపు తిరిగాడు.

"గా మెడ గుండి మాస్టర్ కొడుకువా? మీ నాయిన షేర్వానీ కుడుతుండా, ఖిల్లా కడుతుండా?"

అందరూ నవ్వారు. వకీలు నవ్వితే జూనియర్ కూడా నవ్వాలి. నవ్వాను.

ఆయన తహసీల్దారుకు సొంత తమ్ముడని తర్వాతి మాటల్లో తెలిసింది. అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకుని చాలా ఏళ్ళయింది. తండ్రి పోయినప్పుడు ఇంట్లో ఉన్న పాత మేనా ఎవరికి రావాలనే దగ్గర పట్టుదల వచ్చింది. ఆ పల్లకీని అప్పటికే ఎవరూ ఎక్కడం లేదు. తగాదా తేలకముందే దాన్ని చెదలు తినేశాయి, తగాదా మిగిలింది. ఈ తమ్ముడికి వయసు మీద పడ్డాక విసుగొచ్చి, అన్నకు హిమ్రూ బట్ట పంపి, షేర్వానీ కుట్టించుకుని తొడుక్కుని ఇంటికి భోజనానికి రమ్మని కబురు చేశాడు. అన్న సరేనన్నాడు. బట్ట దర్జీకి ఇచ్చానన్నాడు.

"అప్పటిసంది ఎప్పుడు మనిషిని పంపినా గదే మాట," అన్నాడాయన. "దర్జీ ఇంకా ఇయ్యలే, ఇచ్చిన నాడు వస్త అంటడు. పెద్దోడు, మాట ఇచ్చిండు, షేర్వానీ లేకుంట ఎట్లొస్తడు పాపం. తప్పంత మీ నాయినది. జర తొందర పెట్టు."

ఆయన హాస్యానికే అన్నాడు. కానీ నమ్మి అన్నాడు.

అప్పుడు నాకు అంతా అర్థమైంది. ముందుగా ఇచ్చిన మజూరీ, చాయ్‌లు, అమావాస్యలు, మా అమ్మ కుట్టిన గుండీని పట్టుకున్న ఆ బొటనవేలు. తహసీల్దారు షేర్వానీని కాదనడం లేదు, కాదంటే తమ్ముణ్ణి కాదన్నట్టు. పుచ్చుకోవడమూ లేదు, పుచ్చుకుంటే పోవాలి. రెండూ కాకుండా ఒక గుండీ అడ్డం పెట్టుకుని మధ్యలో కూర్చున్నాడు. ఆ కూర్చోవడానికి పీట మా నాయన.

ఇంటికి పోయి చెప్పాలా వద్దా అని సైకిల్ మీద ఆలోచించాను. చెప్పాను. మా నాయన అప్పుడు తింటున్నాడు. ముద్ద చేతిలో పట్టుకుని విన్నాడు.

"గట్లన్నడా?"

"నవ్వుతూ అన్నాడు."

"ఎవరెవరు విన్నరు?"

వకీలు, మున్షీ, ఇంకా అక్కడ కూర్చున్న ఒకరిద్దరు అని చెప్పాను. ఆయన ముద్ద తిరిగి కంచంలో పెట్టి చెయ్యి కడుక్కున్నాడు. కుట్టు బాగాలేదని అనిపించుకోవడం ఆయనకు ఒకటి రెండుసార్లు అనుభవమే. చెప్పిన రోజుకు ఇవ్వని దర్జీ అనిపించుకోవడం అదే మొదలు. పట్నంలో దర్జీలందరికీ అది పుట్టుకతో వచ్చే పేరు. దాన్ని తప్పించుకోవడానికే ఆయన బతుకంతా పోయింది.

కాసేపటికి మా అమ్మతో అన్నాడు: "దవాఖాన సామాన్ కట్టు. ఎల్లుండి పోదాం."

"మరి అది?"

"రేపు పోతా."

తెల్లవారి నన్ను వెంట రమ్మన్నాడు. నోటీసు తీసుకురానా అని అడిగితే తలుపు ఊడిపోతుంది, ఉండనీ అన్నాడు. మూట నేను పట్టుకున్నాను. ఆయన నా భుజం పట్టుకుని నడిచాడు. కొత్తగా పడిన గుంతలు నేను చెప్పాల్సి వచ్చింది. పాతవి ఆయనకే తెలుసు.

తహసీల్దారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. మమ్మల్ని చూసి చాయ్ అని లోపలికి కేకేశాడు.

"రా మాస్టర్, కూసో. ఇయ్యాల జర నలతగున్నది. రేపు—"

"రేపటి సంది నేను దవాఖానల ఉంటా సాబ్."

"ఎందుకు?"

"కండ్లు కోపిచ్చుకోనీకె."

తహసీల్దారు కుర్చీలో ముందుకు వంగాడు. కళ్ళ సంగతి ఆయనకు అంతవరకు తెలియదని అప్పుడు గమనించాను. మా నాయన ఎన్నడూ చెప్పి ఉండడు. చెబితే తొందరపెట్టినట్టు ఉంటుంది.

"పోయిరా. నయమైనంక కుట్టొచ్చు. నాకేం తొందర లేదు."

"మీకు ఎన్నడు లేకుండె సాబ్. మళ్ళ వచ్చినంక సూది కనవడ్తదో లేదో డాక్టరే చెప్పలేదు. గందుకే నేను ఇన్నొద్దులు ఆగిన. మీ గుండి బాకీ పెట్టుకోని కండ్లు మూసుకుంటే నాకు నిద్ర వట్టది."

వంటమనిషి చాయ్ తెచ్చి పెట్టిపోయాడు. ఎవరూ ముట్టుకోలేదు. మా నాయన నిలబడే ఉన్నాడు. గొంతు పెంచలేదు.

"ఖైరతాబాద్‌ల నన్ను బట్ట ఇయ్యనోడు అంటున్నరట. మీరు పోకుంటె పోకుండ్రి సాబ్. అన్నదమ్ముల నడుమ చెప్పనీకె నేనెవణ్ణి. కని నా గుండి మీద పెట్టకుండ్రి. ఇంకేదన్న చెప్పుండ్రి. మోకాళ్ళు నొస్తున్నయనుండ్రి."

తహసీల్దారు గేటు వైపు చూశాడు.

"మోకాళ్ళు సుత చెప్పిన," అన్నాడు. "నమ్మలే."

ఆయన ఆ మాట ఎంత అలసటగా అన్నాడంటే, నాకు వాళ్ళిద్దరిలో ఎవరు ముందు చేతులెత్తేస్తారా అనిపించింది. ఇద్దరూ ముసలివాళ్ళు. ఒకాయన ఇవ్వలేక, ఒకాయన పుచ్చుకోలేక, మధ్యలో మూట పట్టుకుని నేను. ఇన్ని నెలలుగా నేను వల్లించిన సూత్రాల్లో అక్కడ పనికొచ్చేది ఒక్కటీ తట్టలేదు. తట్టినా ఎవరూ అడగలేదు.

తహసీల్దారు లేచాడు. చేతులు వెనక్కి చాపాడు. నేను మూట విప్పాను. మా నాయన షేర్వానీ తొడిగాడు. ఈ నెలల్లో తహసీల్దారు ఒళ్ళు తగ్గింది, భుజాల దగ్గర బట్ట వదులుగా జారింది. మా నాయన దాన్ని చేత్తో తడిమి చూశాడు. జేబులోంచి సూది, దారం, గుండీ తీశాడు. దారాన్ని సూది దగ్గరికి తెచ్చాడు. అది పక్కనుంచి పోయింది. మళ్ళీ తెచ్చాడు, మళ్ళీ పోయింది. దారం కొస నోట్లో తడిపి, వెలుగు వైపు తిరిగి ఇంకోసారి చూశాడు. నేను చెయ్యి చాపేలోపల తహసీల్దారు అన్నాడు:

"ఇటియ్యి."

జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, మెడ దగ్గర తెరుచుకుని ఉన్న షేర్వానీలో నిలబడే, సూదిలోకి దారం ఎక్కించాడు. ఎక్కించి మా నాయన వేళ్ళ మధ్య పెట్టాడు. పని చేసేవాడికి చేయించుకునేవాడు తగిన వసతి కల్పించాలని మా పుస్తకంలో ఒక మాట ఉండేది. ప్రొఫెసరు దానికి ఉదాహరణగా ఇల్లు బాగుచేసేవాడికి ఇంట్లో ఎక్కడెక్కడ బాగుచెయ్యాలో చూపించడం చెప్పాడు. ఉదాహరణ బాగాలేదని నాకు క్లాసులో తెలియలేదు.

మా నాయన ఎడమ చేత్తో మెడ చోటు చూసుకుని కుట్టడం మొదలుపెట్టాడు. చూపు లేని మనిషి గొంతు దగ్గర సూది ఆడిస్తుంటే కదలకుండా ఉండటం తేలిక కాదు. తహసీల్దారు గడ్డం పైకెత్తి, కళ్ళు మూసుకుని, ఊపిరి పట్టి నిలబడ్డాడు. పక్షులు తప్ప చప్పుడు లేదు. మా నాయన ముడి వేశాడు, చిన్నది. వంగి దారం కొరికాడు.

"ముట్టిందా సాబ్?"

తహసీల్దారు గుండీ మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ముట్టిందంటే పోవాలె గద మాస్టర్."

"గది నా కరారుల లేదు సాబ్. నాకు ఒక్క మాట చాలు."

గేటు దగ్గర తోటమాలి నీళ్ళు పోస్తున్నాడు. తహసీల్దారు తన ఉద్యోగంలో ఎంతమంది చేత ఏమేమి ఒప్పించాడో నాకు తెలియదు. తన నోటితో ఒక మాట ఒప్పుకోవడానికి మాత్రం ఆ ఉదయం చాలాసేపు పట్టింది.

"ముట్టింది," అన్నాడు.

మా నాయన సూదిని జేబు అంచుకు గుచ్చుకున్నాడు. మూటగట్టిన ధోవతి ముక్కను అడిగి తీసుకుని, మడిచి భుజాన వేసుకున్నాడు. చల్లారిన చాయ్ తాగాడు. ఇన్నిసార్లు వచ్చినా ఆ ఇంట్లో చాయ్ కప్పు ఖాళీ చెయ్యడం అదే మొదటిసారని తర్వాత చెప్పాడు. మేము వస్తుంటే తహసీల్దారు వరండాలో అట్లాగే నిలబడి ఉన్నాడు, షేర్వానీలో, కూర్చుంటే నలుగుతుందన్నట్టు.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో మా నాయన ఒక్కసారి ఆగాడు. బాధగా ఉందా అని అడిగాను. చేతిలో ఏమీ లేదు గదా, తూకం కుదరడం లేదు, జర మెల్లగా నడువు అన్నాడు.

ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళు తల కదపకుండా వెల్లకిలా పడుకోబెట్టారు. తర్వాత ఇంటికి తెచ్చాం, కళ్ళకు ఆకుపచ్చ గుడ్డ కట్టి. ఒక కన్ను నిలబడింది, ఒకటి నిలబడలేదు. ఆలస్యం చెయ్యకపోతే రెండూ నిలబడేవా అని మా అమ్మ డాక్టరును అడగలేదు. నన్ను కూడా అడగనివ్వలేదు. దుకాణంలో చాయ్ హోటల్ వచ్చింది. తలుపు రెక్క కింది నోటీసును ఆ హోటలువాడు కూడా తియ్యలేదు.

ఆ ఆకుపచ్చ గుడ్డ ఇంకా ఉండగానే, ఒకనాడు ఖైరతాబాద్ నుంచి మనిషి వచ్చాడు. తహసీల్దారు తమ్ముడి దగ్గర పనిచేసేవాడు. చేతిలో మూట. విప్పితే కెంపు రంగు హిమ్రూ. మెడ దగ్గర చారు మరక ఒకటి పడి ఉంది.

పెద్ద సాబ్ భోజనానికి వచ్చారని, వచ్చి ఇద్దరూ మొదట మాట్లాడుకోలేదని, తర్వాత మేనా సంగతే మాట్లాడుకున్నారని ఆ మనిషి చెప్పాడు. వెళ్ళేటప్పుడు చిన్న సాబ్, అన్న భుజాల దగ్గర బట్ట వదులుగా ఉందని చూసి, అక్కడే విప్పించి, అమీర్‌పేట మాస్టర్‌కు ఇచ్చి బిగించి తెమ్మన్నాడట.

మా నాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. చెయ్యి చాపాడు. మనిషి మూట ఆయన ఒళ్ళో పెట్టబోయాడు. మా అమ్మ మధ్యలోకి వచ్చి మూట తీసుకుంది.

"మీ పెద్ద సాబ్ ముట్టింది అన్నడా, లేదా?"

"నాకేం తెలుసు అమ్మా?"

"అన్నడు. నా కొడుకు విన్నడు. ముట్టింది అన్నంక అయిపోయింది. ఇంకో దర్జీని చూసుకోండ్రి."

మూట కట్టి ఆ మనిషి చేతిలో పెట్టింది. అతడు నా వైపు చూశాడు. చట్టప్రకారం ఆమె చెప్పింది సరైనదేనని నేను తల ఊపాను. ఇంట్లో నా చదువు పనికొచ్చింది అదొక్కసారే.

మా నాయన చాపిన చెయ్యి కాసేపు అట్లాగే ఉంచాడు.

"మెడకాడ గుండి మంచిగున్నదా?" అని అడిగాడు.

"ఉన్నది మాస్టర్. గట్టిగున్నది."

సరేనన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, దుప్పటి మెడదాకా లాక్కుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.